తొలి అవాంట్‌పాప్ ఆల్బమ్: ముందు కాగితాలు, తరువాత మిక్స్, చివర తేదీ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ తెలుగులో అవాంట్‌పాప్, అంటే ప్రయోగాలు కలిసిన పాప్ సంగీతం, పాడుతున్న నలుగురి బ్యాండ్ మీది. గాయని కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారు, మిగిలిన ముగ్గురూ సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), బేస్, డ్రమ్స్ వాయిస్తారు. 9 పాటలు, మొత్తం 47 నిమిషాలు రికార్డు చేశారు. పాటల మీదా మాస్టర్ల (తుది ధ్వనిముద్రణల) మీదా సర్వహక్కులూ శాశ్వతంగా రాసిస్తే ఒక చిన్న లేబుల్ ఏకమొత్తంగా 3 లక్షలు ఇస్తామంటోంది. ఆరు వారాల్లో ఆల్బమ్ విడుదల చేయాలని తేదీ కూడా అనుకున్నారు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాలా, పాటలు ఒక్కొక్కటిగా వదలాలా, అన్నీ ఒకేసారా, విన్న స్నేహితులు ‘గొంతు వినపడటం లేదు, పాటలు వింతగా ఉన్నాయి’ అంటున్నారు కాబట్టి వాటిని తేలిక చేయాలా, విడుదల కచేరీ పబ్బులో పెట్టుకోవాలా, వినైల్ (గ్రామఫోన్ తరహా పెద్ద రికార్డు) వేయించాలా అన్నవి మీ సందేహాలు.

ఈ ఊరి స్వతంత్ర బ్యాండ్లకు రికార్డింగు, మిక్సింగు చేస్తూ, వాళ్ల ఒప్పందాల కాగితాలు చదివిపెడుతూ చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆ తేదీని వదులుకోండి. సినిమాకు థియేటర్లు, పండుగ సెలవులు, పోటీ చిత్రాలు ఉంటాయి కనుక అక్కడ తేదీ ముందు పుడుతుంది, పని దాని వెనక పరుగెడుతుంది. మీ ఆల్బమ్ కోసం ఫలానా శుక్రవారం ఎవరూ కాచుకుని లేరు. తొలి ఆల్బమ్‌కు ఉండే పెద్ద సౌలభ్యమే అది, దాన్ని వాడుకోండి. మీరు పంపిన లంకెలో తొమ్మిది పాటలూ విన్నాను, ఒప్పందం నకలూ చదివాను. రెండు పాటల హక్కులు తేలలేదు, రికార్డింగు ఎవరిదో కాగితం మీద లేదు, మిక్స్ (గొంతునూ వాద్యాలనూ పాళ్లు చూసి కలపడం) ఇంకా పూర్తికాలేదు. ఇవి తేలాక తేదీ దానంతట అదే కుదురుతుంది.

ముందు లేబుల్ ఒప్పందం. అందులోని రెండో పేరా సాహిత్యం, సంగీతం, ధ్వనిముద్రణ అనే మూడు వేర్వేరు ఆస్తులను ఒకే వాక్యంలో కలిపి అడుగుతోంది. 1957 నాటి కాపీరైటు చట్టం ఈ మూడింటినీ విడివిడిగానే చూస్తుంది. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి ఉండే హక్కు వారి జీవితకాలమూ ఆపైన 60 ఏళ్లూ నడుస్తుంది. ధ్వనిముద్రణ మీది హక్కు అది ప్రచురితమైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. అంటే 3 లక్షలకు మీరు రాసిచ్చేది మీ పిల్లలు కూడా అనుభవించగలిగిన ఆస్తి. 2012 సవరణ రచయితలకు, స్వరకర్తలకు ఒక రక్షణ కల్పించింది: సినిమాలో భాగం కాని ధ్వనిముద్రణలో చేరిన పాటకు సైతం, దాని వినియోగం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వారు తమ వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోవడానికి వీల్లేదు, వదులుకున్నట్లు రాసుకున్నా ఆ మేరకు అది చెల్లదు. మీ కాగితంలో ‘రాయల్టీతో సహా’ అన్న మాట ఉంది. దాన్ని తయారుచేసినవారికి చట్టం తెలియదనుకోవాలి, లేదా మీకు తెలియదని వారు అనుకున్నారనుకోవాలి. రెండింటిలో ఏదైనా మంచి సూచన కాదు.

అయితే ఈ రక్షణ మాస్టర్‌కు వర్తించదు, మాస్టర్ రాసిచ్చేస్తే పోయినట్లే. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకేననీ 19వ సెక్షన్ భావిస్తుంది గాని, మీ కాగితంలో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అని స్పష్టంగా రాశారు కనుక ఆ వెసులుబాటు మీకు రాదు. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే బదిలీ రద్దయినట్లేనన్న నియమమూ అందులోనే ఉంది. దాన్ని ఒప్పందంలో ఒక చిన్న వాక్యంతో పక్కన పెట్టవచ్చు, మీ లేబుల్ చివరి పేజీలో పెట్టింది కూడా. నేనైతే అమ్మకానికి బదులు లైసెన్సు అడుగుతాను: మాస్టర్ మీ పేరనే ఉంటుంది, 5 లేదా 7 ఏళ్ల పాటు విడుదల చేసుకునే హక్కు లేబుల్‌కు ఉంటుంది, ఆ తరువాత అది తిరిగి మీకే వస్తుంది. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 1990లో లండన్‌లో మొదలైన స్టీరియోలాబ్, మీ తరహా సంగీతానికి పెద్దదిక్కు అనదగ్గ బ్యాండ్, డ్యుయోఫోనిక్ అనే సొంత లేబుల్ నడుపుకుంటూనే అమెరికా విడుదలలకు ఎలక్ట్రా అనే పెద్ద లేబుల్‌తో చేతులు కలిపింది. మీ లేబుల్ దీనికి ఒప్పుకోకపోతే మర్యాదగా వదిలేయండి. పాటలను యాప్‌లకు ఎక్కించడం, పోస్టర్లు, రెండు వీడియోలు, ఇంతే కదా వాళ్లు చేస్తామంటున్నది. ఇందులో మీరు స్వయంగా చేసుకోలేనిది నాకేదీ కనిపించలేదు.

రికార్డింగు కోరమంగలలో ఒక స్నేహితుడి స్టూడియోలో ఉచితంగా జరిగిందని యథాలాపంగా రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. చట్టప్రకారం ధ్వనిముద్రణకు తొలి యజమాని దాని నిర్మాత, నిర్మాత అంటే ఆ ముద్రణకు చొరవా బాధ్యతా తీసుకున్న వ్యక్తి. గది నాది, మైకులు నావి, నిద్ర మానుకున్నదీ నేనే కాబట్టి ఆ చొరవ నాదేనని రేపు ఆ స్నేహితుడు అంటే మీ దగ్గర జవాబు లేదు. ఒక పేజీ చాలు: తొమ్మిది పాటల పేర్లు, ముద్రణకు చొరవా బాధ్యతా బ్యాండువేనన్న వాక్యం, ఆయనకు ఇంజినీరుగా పేరు వేస్తామన్న మాట, రాబడిలో ఆయన వాటా ఎంతో లేక లేదో, కింద సంతకాలు. కాగితం అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడతారని తెలుసు. అయినా అడగండి, ఆల్బమ్ రాకముందే అడగండి.

మీ నలుగురి మధ్య కూడా పాట పాటకూ వాటాల పత్రం ఉండాలి. డ్రమ్స్ వాయించినవారు స్వరకర్త అవుతారా అన్న చర్చ ఎప్పటికీ తెగదు. మీ సంగీతంలో చాలా చోట్ల డ్రమ్స్ నడకే పాట కనుక, సంగీతం వాటాను నలుగురికీ సమానంగా, సాహిత్యం వాటాను రాసినవారికి వేసుకోవడమే నాకు న్యాయంగా తోస్తుంది. ఆ పత్రం చేతిలో ఉంటే ఐపీఆర్ఎస్‌లో పాటల నమోదు సులువవుతుంది. 1969లో ఏర్పడిన ఈ సొసైటీ రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేస్తుంది. బ్యాండు పేరున కాక, రాసినవారూ కట్టినవారూ ఎవరికి వారు సభ్యులు కావాలి. డిస్ట్రిబ్యూటర్, అంటే పాటలను యాప్‌లకు చేర్చే సంస్థ, పంపేది మాస్టర్ తాలూకు డబ్బు, ఇది వేరే డబ్బు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి అడగకుండా ఉండిపోయినవారు నాకు తెలిసినవాళ్లలోనే బోలెడుమంది.

ఇక ఆరో పాట. అన్నమయ్య కీర్తనను మీ అమ్మమ్మగారు పాడే బాణీలోనే తీసుకుని, కింద సింథ్ వేసి, తాళం విరిచామన్నారు. ‘అన్నమయ్యది కాబట్టి హక్కుల గొడవ లేదు’ అన్న మీ మాట సగమే నిజం. అన్నమయ్య 1503లో కాలం చేశారు, ఆ సాహిత్యం అందరిదీ. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి గాని స్వరం లేదు. మనం ఇవాళ వింటున్న బాణీల్లో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. అది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి బాణీ అయితే, ఆయన 1979లో పోయారు కనుక దాని మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తిగారిదైతే, ఆయన 2014లో పోయారు కనుక 2074 దాకా ఉంటుంది. అమ్మమ్మగారు దాన్ని రేడియోలో విని పట్టుకున్నారా, గురువు దగ్గర నేర్చుకున్నారా, అది ఎవరి కూర్పు అన్నది తేలకుండా ఈ పాట బయటికి వదలవద్దు. కవర్ పాటలకు (ఉన్న పాటను మళ్లీ పాడి రికార్డు చేసేవాటికి) చట్టంలో ప్రత్యేకంగా ఒక దారి ఉన్నమాట నిజమే గాని, అసలు కృతిని అవసరానికి మించి మార్చరాదన్నది అక్కడి షరతు. మీరు చేసిందంతా మార్పే.

సాహిత్యం అలాగే ఉంచి బాణీ మీరే కట్టండి. కీర్తన పక్కన ఏ రాగం పేరుందో ముద్రిత సంపుటాల్లో దొరుకుతుంది, దానికి కట్టుబడాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొత్త సంగీతం చేస్తున్నామని చెప్పుకునే బ్యాండుకు ఇది శిక్షేమీ కాదు. నిజం చెప్పాలంటే తొమ్మిది పాటల్లో వినగానే మామూలు ఫ్యూజన్‌లా అనిపించింది ఇదొక్కటే, అందుకు కారణం కూడా ఆ అరువు బాణీయే.

నాలుగో పాట మొదట్లో టీకొట్టు రేడియోలోంచి పాత సినిమా పాట 4 సెకన్లు వినిపిస్తుంది. ‘ఇన్ని సెకన్ల లోపైతే వాడుకోవచ్చు’ అనే నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో గాని స్టూడియోలన్నింటిలో తిరుగుతుంటుంది. ఆ ముక్కకు ధ్వనిముద్రణ యజమాని అనుమతి ఒకటి, పాట హక్కుదారుల అనుమతి మరొకటి కావాలి, పెద్ద సినిమా లేబుళ్లు తొలి ఆల్బమ్ బ్యాండుకు జవాబివ్వడమే అరుదు. యూట్యూబ్‌లో ఇతరుల పాటలను గుర్తుపట్టే కంటెంట్ ఐడీ ఆ నాలుగు సెకన్లను పట్టుకుందంటే ఆ వీడియో మీద రాబడి అటు పోవచ్చు, వీడియోయే ఆగిపోవచ్చు. పాటను తీసేసి టీకొట్టును ఉంచుకోండి. గ్లాసుల చప్పుడు, స్టవ్ హోరు, ‘ఎరడు టీ’ అన్న కేక ఏ లేబుల్ సొత్తూ కావు. రేడియో ఉండి తీరాలంటే, పాతకాలపు పాటలా వినిపించే చిన్న ముక్కను మీరే కట్టి, పాడి, అరచేతిలో పట్టే స్పీకరులో మోగించి, దాన్ని గది అవతలినుంచి మైకుతో పట్టండి. మా పనిలో ఇది తరచూ చేస్తాం, చాలాసార్లు అసలుదానికన్నా బాగా అతుకుతుంది.

మిక్స్ సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలన్నింటిలో నిజమైన ప్రశ్న ఇదేనని నాకనిపించింది. మీ స్నేహితులు రెండు మాటలన్నారు. మొదటిది వినండి, రెండవది వదిలేయండి. గొంతు నిజంగానే లోతున పడి ఉంది. ఇంగ్లీషులో ఈ తరహా బ్యాండ్లు గొంతును కూడా ఒక వాద్యంగా లెక్కగట్టి వెనక్కి జరపడం పరిపాటి, మీరు వాటిని విని పెరిగారు. తెలుగు శ్రోత చెవి మాత్రం ముందు మాట కోసం వెతుకుతుంది. వాద్యాలు ఎంత హోరెత్తినా మాట ముందుండాలన్న అలవాటు సినిమా పాట మనకు దశాబ్దాలుగా చేసింది. మాట అందిందా, మనవాడు ఎంత విచిత్రమైన వాద్యగోష్ఠినైనా ఓర్చుకుంటాడు; అందలేదా, మామూలు మూడు కార్డుల (ఒకేసారి పలికే స్వరాల గుంపుల) పాటకు కూడా విసుక్కుంటాడు. ఆ మాటకొస్తే ఇది మనకొక్కరికే చెందిన సంగతి కూడా కాదు. 1981లో అమెరికన్ కళాకారిణి లారీ ఆండర్సన్ ‘హ’ అన్న ఒక్క అక్షరాన్ని లూపుగా తిప్పి, దాని మీద వోకోడర్‌లోంచి (గొంతును యంత్రపు గొంతులా మార్చే పరికరం) వచ్చే గొంతుతో 8 నిమిషాలకు పైగా నడిపిన పాట, మొదట కొద్ది ప్రతులు మాత్రమే వేసిన రికార్డు, బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 2వ స్థానానికి చేరింది. అందులో డ్రమ్స్ లేవు, సినిమా పాట పద్ధతి ఏదీ లేదు, కానీ ఒక్క మాట కూడా చెవి దాటిపోదు.

మీ రెండో పాటతో మొదలుపెట్టండి. గొంతును 2 డెసిబెల్స్ పైకి తెచ్చి, అదే చోట సింథ్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించి చూడండి, హల్లులు స్పష్టపడేది ఆ మధ్యనే. రివర్బ్ (గొంతు వెనక వేసే ప్రతిధ్వని) మొదలవడానికి ముందు 40, 50 మిల్లీసెకన్ల ఎడం ఇవ్వండి. తెలుగులో ద్విత్వాలు ఎక్కువ, ‘ఎక్కడ’, ‘ఇచ్చిన’, ‘పట్టని’ వంటి మాటల్లో ఒత్తు ముందుండే ఆ చిన్న విరామం మీద రివర్బ్ వచ్చి కూర్చుంటే మాట మసకబారుతుంది. చరణంలో మీ గాయని ఏమి పాడుతున్నారో నాకు మూడోసారి వింటేగాని అర్థం కాకపోవడానికి కారణం ఇదే. ‘వింతగా ఉన్నాయి’ అన్న మాటకు మాత్రం ఏమీ చేయకండి. ఐదో పాటలో ఏడు మాత్రల నడక చరణం మధ్యలో ఐదుకు విరిగి, మళ్లీ ఏమీ జరగనట్లు ఏడుకు రావడం ఈ ఆల్బమ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. దాన్ని నాలుగుకు సర్దితే మీ స్నేహితులకు నచ్చవచ్చు, అలాంటి పాట వినడానికి వాళ్లకు మీరు అక్కర్లేదు.

మూడో పాటలో ఇంకొక ఇబ్బంది ఉంది. దాన్ని మీ స్నేహితులు పేరు పెట్టి చెప్పలేకపోయినా వినే ఉంటారు. గాయని అంతర గాంధారం మీద నిలిచినప్పుడల్లా ఒక సన్నని వణుకు వినిపిస్తుంది. ఆమె శ్రుతి తప్పలేదు. తంబురతో సాధన చేసిన గొంతు ఆ గాంధారాన్ని షడ్జానికి సుమారు 386 సెంట్ల (సప్తకంలో 1,200వ వంతు ఒక సెంటు) ఎత్తున నిలుపుతుంది. సప్తకాన్ని పన్నెండు సమభాగాలు చేసిన సింథ్ అదే స్వరాన్ని 400 దగ్గర పలికిస్తుంది. దూకుడుగా సాగే పాటలో ఆ 14 సెంట్ల తేడా ఎవరికీ పట్టదు, కానీ కదలకుండా పరుచుకున్న సింథ్ కార్డు మీద గొంతు నాలుగు సెకన్లు నిలబడితే పట్టి తీరుతుంది. చాలా స్టూడియోల్లో దీనికి చేసే వైద్యం ఆటోట్యూన్ అనే శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌తో గొంతును 400కు లాగడం. దానితో గమకం కూడా చస్తుంది. దానికి బదులు కార్డులోంచి గాంధారాన్ని తీసేసి షడ్జ పంచమాలు ఉంచండి. మీ సింథ్‌లో మైక్రోట్యూనింగ్ (ఒక్కో స్వరాన్ని విడిగా శ్రుతి చేసుకునే వీలు) ఉంటే ఆ ఒక్క స్వరాన్ని 14 సెంట్లు దించండి, అప్పుడు ఏదీ తీసేయనక్కర్లేదు. రెండోది చేసి వినిపించగలిగితే మీ బ్యాండుకంటూ ఒక నాదం ఏర్పడుతుందని నా ఊహ.

మాస్టరింగ్‌లో, అంటే మిక్స్ అయ్యాక విడుదలకు చేసే తుది మెరుగులో, పాటలను బిగించి హోరెక్కించాల్సిన పని ఇప్పుడు లేదు. స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనపు కొలత) దగ్గరకు, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గరకు తెచ్చి వినిపిస్తాయి కనుక అంతకు మించిన గట్టిదనం అక్కడ తగ్గిపోతుంది. ట్రూ పీక్ (ధ్వని అందుకునే అత్యధిక స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకుని, 24 బిట్ వేవ్ ఫైళ్లు ఇవ్వండి. ఆల్బమ్‌ను వరుసగా వింటున్నప్పుడు స్పాటిఫై ఆల్బమ్ మొత్తాన్ని ఒకే కొలతతో సర్దుతుంది, అందువల్ల మీ ఏడో పాటలోని గుసగుసకూ ఎనిమిదో పాట పేలుడుకూ మధ్య తేడా నిలుస్తుంది. అవే పాటలు ప్లేలిస్టుల్లో విడిగా పడితే ఆ తేడా కరిగిపోతుంది. కాబట్టి ఆ రెండింటినీ సింగిల్స్‌గా వదలవద్దు. 22 సెకన్ల మెజెస్టిక్ బస్టాండు చప్పుడును విడి ట్రాక్‌గా పెట్టాలనుకుంటున్నారు. స్పాటిఫైలో మామూలుగా 30 సెకన్లు వింటేగాని స్ట్రీమ్‌గా లెక్కకు రాదు, కనుక అంత చిన్న ట్రాక్‌ను విడిగా పెట్టడం మంచిది కాదు. దాన్ని తరువాతి పాట ముందు అతికిస్తే ఓపిక లేనివారు ఆ పాటనే దాటేస్తారు, ముందు పాట చివర అతికించండి.

పాటలు తొమ్మిదీ ఒక్కసారిగా కుమ్మరించవద్దు, ఒక్కొక్కటిగా ఏడాదంతా రాల్చవద్దు. రెండు సింగిల్స్, మధ్యలో నాలుగైదు వారాలు, ఆపైన ఆల్బమ్. సింగిల్‌కు వాడిన ఐఎస్ఆర్‌సీ కోడ్‌నే (ఒక్కో ముద్రణకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆల్బమ్‌లోనూ ఇస్తే అప్పటిదాకా వచ్చిన లెక్క కొనసాగుతుంది. మొదటి సింగిల్‌గా మీరనుకున్న ఒకటో పాట మాత్రం వద్దు. అది బాగుంది, తొమ్మిదింటిలో అన్నింటికన్నా తియ్యగా ఉంది, అందుకే అది విని వచ్చినవారికి మిగతా ఎనిమిదీ మోసంగా తోస్తాయి. రెండో పాట వదలండి: పల్లవి కూనిరాగం తీసుకోవడానికి వీలుగా ఉంది, నడక మాత్రం ఎక్కడా కుదురుగా ఉండదు, వినేవారికి మీరెవరో అర్థమైపోతుంది. స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే అది అక్కడికి చేరాలి; నేనైతే నాలుగు వారాల ముందు ఎక్కిస్తాను, ఎందుకంటే తొలి విడుదల అదే పేరున్న మరో కళాకారుడి పేజీలోకి వెళ్లి కూర్చోవడం మామూలు, సరిచేయించడానికి రోజులు పడుతుంది. భాష తెలుగు అని గుర్తు పెట్టడం మరవవద్దు. పాటల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ఇప్పుడే ఒక తీరు నిర్ణయించుకుని, యూట్యూబ్‌లోనూ పోస్టరు మీదా అదే తీరు వాడండి.

డిస్ట్రిబ్యూటర్ విషయంలో నా మొగ్గు ఒకేసారి రుసుము తీసుకునేవారి వైపు. డిస్ట్రోకిడ్‌లో ఏడాది చందా ఆపేస్తే, అందుకోసం విడిగా అదనపు సొమ్ము కట్టి ఉంటే తప్ప, పాటలు దిగిపోతాయి. సీడీ బేబీ విడుదలకు ఒకసారి రుసుము తీసుకుని రాబడిలో 9 శాతం ఉంచుకుంటుంది. బ్యాండ్లు విడిపోతాయి, చందా కట్టే కార్డు గడువు తీరిపోతుంది, గుర్తుచేసేవారు ఉండరు. యాప్‌లు కూడా శాశ్వతం కాదు, రెస్సో, వింక్ రెండూ 2024లోనే మన దేశంలో మూతపడ్డాయి. అసలు సెషన్లు (రికార్డింగు ఫైళ్లు), స్టెమ్స్ (గొంతు, వాద్యాల విడి ఫైళ్లు) రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి.

డబ్బు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్కించడం లేదు, మీ పాటల్లో కొన్ని ఆ గీత దాటకపోవచ్చు. అమెరికా సంస్థలు పన్ను ఫారం అడిగితే తప్పక నింపండి, రెండు దేశాల ఒప్పందం ప్రకారం రాయల్టీ మీద కోత 15 శాతానికి తగ్గుతుంది, లేకపోతే 30 దాకా పోతుంది. శ్రోతలు కళాకారుల దగ్గరే పాటలు కొనుక్కునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టండి, డిజిటల్ అమ్మకాల మీద వాళ్లు తీసుకునేది 15 శాతం. అయితే అక్కడ చెల్లింపులు పేపాల్ మీద నడుస్తాయి, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లో దేశీయ చెల్లింపులు ఆపేసింది. కాబట్టి అది డాలస్‌లోనో మెల్బోర్న్‌లోనో ఉన్న మన శ్రోతకు పనికివస్తుంది, ఇక్కడివారికి కచేరీ దగ్గర బల్ల, దాని మీద యూపీఐ కోడ్ చాలు.

విడుదల కచేరీ పబ్బులో వద్దనే నా సలహా. ఈ ఊళ్లో బ్యాండు సంగీతం పబ్బుల్లోనూ పెరిగింది, 2013 నుంచి 2019 దాకా ఇందిరానగర్‌లో నడిచిన హమ్మింగ్ ట్రీ లాంటి చోట్ల కొత్త పాటలు విన్నవారికి ఆ రుణం తెలుసు. కానీ మీ ఏడో పాట గుసగుసతో మొదలవుతుంది, పబ్బులో ఆ సమయానికి పక్క బల్ల మీద బిల్లు పంచుకుంటూ ఉంటారు. పైగా ప్రజావినోద స్థలాల లైసెన్సు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018లో సమర్థించాక లైసెన్సు లేని చోట్ల పోలీసులు సంగీతం ఆపించారు. ఆరుబయటి మేడలైతే రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు కుదరదు. లైసెన్సులు ఎవరి పేర తీసుకుంటున్నారో ఏ వేదిక వారినైనా ముందే రాతపూర్వకంగా అడగండి. దొమ్లూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్, వసంతనగర్‌లోని అలయన్స్ ఫ్రాంసేజ్, జె.పి. నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ వంటి కూర్చుని వినే చోట్ల ప్రయత్నించండి. శనివారం పెట్టుకోండి. మీ శ్రోతల్లో ఎక్కువమంది మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి రావాలి, పనిరోజు సాయంత్రం ఏడింటికి వాళ్లను రమ్మనడం అన్యాయం.

పాటల మధ్య మాటలు కొన్ని కన్నడలో ఉండనివ్వండి. సాహిత్యాన్ని ఒక కాగితం మీద తెలుగు లిపిలోనూ, వెనకవైపు అదే తెలుగు సాహిత్యాన్ని కన్నడ లిపిలోనూ అచ్చువేసి తలుపు దగ్గర ఇవ్వండి. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువారిలో ఎందరికో ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు, చదవడం రాదు, కన్నడ మాత్రం గడగడా చదువుతారు. కన్నడిగులకూ మీ మాటలు సగం అందుతాయి. లేబుల్ తీసే రెండు వీడియోల కన్నా ఈ కాగితం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

వినైల్ ఇప్పుడే వేయించవద్దు. ఆల్బమ్ వచ్చాక కచేరీల్లో ఎవరెవరు అడుగుతున్నారో ఒక పుస్తకంలో రాసుకుని, ముందస్తు సొమ్ము వచ్చినప్పుడు ఆలోచించండి. అయితే పాటల వరుసను మాత్రం ఇప్పుడే దాన్ని దృష్టిలో పెట్టుకుని సర్దవచ్చు. 12 అంగుళాల రికార్డులో ఒక్కో వైపు 22 నిమిషాల లోపు ఉంటే ధ్వని నిండుగా ఉంటుంది, మీ 47 నిమిషాలు ఆ లెక్కకు మూడు నిమిషాలు ఎక్కువ. తొమ్మిదో పాట చివరి సింథ్ హోరు రెండున్నర నిమిషాలు నడుస్తుంది. దాన్ని సగానికి తగ్గించి, ఎనిమిదో పాట ఉపోద్ఘాతాన్ని కాస్త కత్తిరిస్తే దాదాపు సరిపోతుంది, వినేవారికి నష్టమూ లేదు. ముల్లు కేంద్రానికి దగ్గరపడేకొద్దీ పైస్థాయి ధ్వనులు చెదురుతాయి కనుక ఒక్కో వైపు చివర నెమ్మదైన పాట ఉండాలి. మీ వరుసలో మొదటి వైపు చివరికి వచ్చేది డ్రమ్స్‌లోని సింబల్స్ మోత, సకారాలు నిండిన ఐదో పాట. దాన్నీ మూడో పాటనూ తారుమారు చేసి, ఒకసారి మొదటినుంచి చివరిదాకా వినండి.